కోతకూ రేడియానికీ మధ్య ఒక బోనం

ఈ డాక్టరీ పనిలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. టీ తాగి, కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. గర్భసంచి క్యాన్సరు మొదట్లోనే దొరికి, సంచి తీసేసి, రేడియం కూడా పెట్టాక, ఎవరు బతుకుతారు, ఎవరికి తిరగబెడుతుంది అని. జవాబు వాళ్ల పుస్తకాల్లోనే ఉంది. మనిషి వయసు, కంతి సంచి గోడలోకి ఎంత లోతు దిగింది, సంచి మెడదాకా పాకిందా, సూక్ష్మదర్శిని కింద కణాలు ఎంత అడ్డదిడ్డంగా కనబడ్డాయి, కోతకూ రేడియానికీ మధ్య ఎంత ఆలస్యమైంది. నేను కామారెడ్డిలోనూ ఎల్లారెడ్డిలోనూ పనిచేసిన ఏళ్లలో ఇందులో ఏదీ అబద్ధమని తేలలేదు. అయినా వీటిని నమ్ముకుని ఒక్క మనిషిని కూడా నేను నిబ్బరంగా ఇంటికి పంపలేకపోయాను.

నాకు ఏ ఏడు ఏ గ్రేడు వచ్చిందో పెన్షను కాగితాల్లో ఉంది, ఇక్కడ అక్కర్లేదు. ఇక్కడ రాసేది ఇద్దరు అక్కచెల్లెళ్ల గురించి. ధైర్యం వస్తుందని చదివేవాళ్లు ఇక్కడే ఆపేయవచ్చు.

సీసా మందు

కామారెడ్డిలో నా మొదటి పై అధికారి వయసు మళ్లిన డాక్టరు. చెడ్డవాడు కాదు. జ్వరాలు బాగా చూసేవాడు, పేదవాళ్లను కసురుకునేవాడు కాదు. కానీ ఆడవాళ్ల జబ్బు అనేసరికి ఆయన పద్ధతి ఒక్కటే. మొగుడో కొడుకో కిటికీ దగ్గర నిలబడి చెప్పేవాడు, ఈయన ఎర్రటి మందు సీసాలో పోసి ఇచ్చేవాడు. ఆ మందు పుచ్చుకునే ఆడమనిషి బయట బండిలో ముసుగు కప్పుకుని కూర్చుని ఉండేది. ముట్టు ఎప్పుడో ఆగిపోయిన మనిషికి మళ్లీ నెత్తురు కనబడిందంటే, ఒంట్లో వేడి చేసింది, చెయ్యి పెట్టి చూడాల్సిన పనేమీ లేదు అనేవాడు ఆయన. ఊళ్లలో ఆడవాళ్లు ఇంకో రకం. “మా అత్తకు మళ్ల పడుచుదనం వచ్చింది” అని నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వులోనే ఏడాది గడిచిపోయేది.

అందుకని మొట్టమొదట చెప్పేది ఇదే. ముట్టు ఆగి ఏడాది దాటిన మనిషికి ఒక్క చుక్క నెత్తురు కనబడినా లోపల గీకి ఆ ముక్కను పరీక్షకు పంపండి. సీసా ఇచ్చి పంపకండి. నాతో పనిచేసినవాళ్లలో చాలామంది సీసానే ఇచ్చారు. తప్పు చేస్తున్నామని వాళ్లకు ఒక్కనాడూ తెలియలేదు, ఎందుకంటే అలా పోయిన మనిషి మళ్లీ వచ్చి చెప్పదు కదా.

నీళ్ల కుండ

నాగిరెడ్డిపేట అవతల, పోచారం కాలువ కింద ఒక ఊరుంది. దాని పేరు రాయను, ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది. అక్కడి కుమ్మరి ఇంటి అన్నదమ్ములు ఇద్దరికి అక్కచెల్లెళ్లు ఇద్దరిని ఇచ్చారు. పెద్దామె లచ్చవ్వ, చిన్నామె సాయవ్వ. ఇద్దరికీ పదేళ్ల పైనే తేడా. ఆ ఊళ్లో పోచమ్మకు మొదటి బోనం కుమ్మరి ఇంట్లోనే వండాలి. ఆ కుండ పొయ్యి దిగాకే మిగతా ఇళ్లలో బోనాలు పొయ్యి ఎక్కుతాయి. వండే మనిషి ముట్టు ఆగిన ఆడమనిషై ఉండాలి. వారం ముందునుంచీ ఒంటిపూట తిండి, వేరే పడక. మధ్యలో అంటు తగిలే భయం ఉండదని అలాంటి మనిషినే పెట్టుకుంటారు. ఆ ఏడు ఊళ్లో గత్తర వచ్చి వాంతులూ భేదులతో జనం పోయినా, పిల్లలకు తల్లి పోసి ఒళ్లంతా మశూచి పొక్కులు లేచినా, జనం మొదట చూసేది బోనం వండిన మనిషివైపే. లచ్చవ్వ ఎన్నో ఏళ్లుగా వండుతోంది, ఎవరూ వేలెత్తి చూపలేదు.

అప్పుడు నేను ఎల్లారెడ్డిలో ఉన్నాను. ఎండాకాలం మొదట్లో, అంగడి రోజున, ఒక పెద్దామె నెత్తిన కుండలతో దవాఖానాలోకి వచ్చింది. “నీళ్ల కుండ గావాల్నా డాక్టరమ్మా, సల్లగుంటయి” అంది. వద్దనేలోపే కుండలు దించి, తలుపు తనే వేసింది.

“ముట్టు ఆగి నాకు శానా ఏండ్లయింది బిడ్డా. ఉగాదికి ముంగట మళ్ల కనవడ్డది. జరంత. మొన్న మళ్ల కనవడ్డది.”

“ఇంట్ల ఎవలకన్న చెప్పినవా అవ్వా?”

“చెల్లెకు చెప్పిన. మొగోళ్లకు చెప్పలే. వచ్చే బోనాల లోపట ఇది ఆగాలె. ఎట్ల ఆపుతవో నాకు తెల్వది. ఆపు.”

మామూలుగా కోతకు ఒక మనిషిని ఒప్పించాలంటే నాకు వారాలు పట్టేది. ఇంటిల్లిపాదినీ ఒప్పించాలి, పూనకంలో దేవర చెప్పే ముసలమ్మను ఒప్పించాలి, ఈలోగా కంతి దాని పని అది చేసుకుపోతూ ఉంటుంది. లచ్చవ్వ దగ్గర అదేమీ లేదు. పరీక్షలో క్యాన్సరని తేలాక, సంచి తీసేయాలని చెప్పాను.

“సంచి తీస్తే మళ్ల ముట్టు రాదు గదా?”

“సంచే లేకుంటే ముట్టు ఎక్కడిది అవ్వా.”

“అయితే తీపియ్యి.”

పట్నంలో మేనకోడలి కానుపుకని ఇంట్లో మగవాళ్లకు చెప్పి, అక్కచెల్లెళ్లిద్దరూ కామారెడ్డిలో రైలెక్కారు. నేను కూడా సెలవు పెట్టి వెళ్లాను. నిజం చెప్పాలంటే ఆ రైలులో నాకు చాలా సంతోషంగా ఉంది. ఇంత తొందరగా వచ్చిన మనిషిని అంతకు ముందు నేను చూడలేదు. ఆమెను అంత తొందరగా తీసుకొచ్చింది నా పేరూ కాదు, దవాఖానా పేరూ కాదు. బోనం తీసుకొచ్చింది.

మంట లేని నిప్పు

పట్నంలో పెద్ద సర్జను ఉర్దూలోనే మాట్లాడేవారు. మనిషి కోపిష్టి. చెయ్యి మాత్రం అంత మెత్తటి చెయ్యి నేను మళ్లీ చూడలేదు. కోత అయ్యాక తీసిన సంచిని పళ్లెంలో నిలువునా చీల్చి నన్ను పిలిచారు. పైభాగాన గోరంత కంతి.

“చూడండి డాక్టర్ సాహిబా,” అన్నారు. “గోడలోకి కొద్దిగా దిగింది, అంతే. మెడ శుభ్రంగా ఉంది. ఇంత మొదట్లో నా దగ్గరికి ఎవరూ తీసుకురాలేదు.”

ఆయన అంతగా సంతోషపడటం ఆ దవాఖానాలో ఎవరూ చూసి ఉండరు. అయినా రేడియం పెట్టాల్సిందే అన్నారు. సంచి తీసి కుట్టిన చోట కంటికి కనబడని కణం ఒక్కటి మిగిలినా అక్కడే మళ్లీ మొలుస్తుంది. పుండు మానగానే పెట్టాలి, ఆలస్యం చేస్తే లాభం తగ్గిపోతుంది. రేడియం సీసపు పెట్టెలో ఉండేది. దాన్ని పొడుగాటి చిమ్టాతో పట్టుకుని, చిన్న గొట్టాల్లో లోపల అమర్చి, మనిషిని కదలకుండా పడుకోబెట్టేవాళ్లు. నర్సులు కూడా ఆ మంచం దగ్గర ఎక్కువసేపు నిలబడేవాళ్లు కాదు. వార్డులో ఆడవాళ్లు దానికి మంట లేని నిప్పు అని పేరు పెట్టారు.

పుండు మానుతున్న రోజుల్లో లచ్చవ్వ వార్డంతటినీ నవ్విస్తూ ఉండేది. “ఇగ నాకు సంచే లేదు. నా అంత శుద్ధమైన మనిషి జిల్లా మొత్తంల లేదు. పోచమ్మ గూడ నన్ను చూసి సిగ్గువడాలె” అనేది. సాయవ్వ పక్కన కూర్చుని “ఊకో అక్కా, తల్లి ఇంటది” అని నోరు మూయబోయేది.

రేడియం రోజు దగ్గర పడుతుండగా నన్ను పిలిచి అడిగింది.

“గా నిప్పు పెడితే ఏమైతది బిడ్డా?”

“లోపల జర పుండు లెక్క అయితది అవ్వా. కొన్నాళ్లు నీళ్లు పోతయి. అండ్ల నెత్తురు చారలు కనవడొచ్చు. తర్వాత మానుతది.”

“ఎన్నాళ్లు కనవడతది?”

“నెల గావొచ్చు, ఇంకా ఎక్కువ గావొచ్చు. చెప్పలేను.”

లచ్చవ్వ బోనాల దాకా ఉన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టింది. తర్వాత చెల్లెలి వైపు తిరిగి, “బట్టలు సదురు” అంది.

చెప్పాల్సినవన్నీ చెప్పాను. ఈ ఏడు వేరే ఎవరితోనైనా వండించమన్నాను. సాయవ్వకు ఇంకా ముట్టు ఆగలేదు, మిగిలింది కళ్లు కనబడని దూరపు పెద్దమ్మ. పైగా లచ్చవ్వ ఎందుకు వండటం లేదని ఊరు అడిగితే ఏం చెప్పాలి?

“బోనం వండి మళ్ల వస్త బిడ్డా. దొంగను పట్టుకపోయినంక ఇంక దర్వాజ కాడ కావలి ఎందుకు?”

“దొంగ ఒక్కడే వచ్చిండని నీకెట్ల తెల్సు అవ్వా?”

ఆమె నా మెడలోని శిలువ వైపు చూసి, “మీ దేవునికి గిట్ల అంటు ముట్టు ఉండదా?” అని అడిగింది. లేదన్నాను. “మంచి దేవుడు” అని నవ్వింది. “మా తల్లికి ఉంటది.”

సర్జను నా మీద మండిపడ్డారు. నెత్తురు కనబడుతుందని ఎవరు చెప్పమన్నారు, ఏమీ కాదంటే నోరు మూసుకుని పెట్టించుకునేది కదా అన్నారు. దీని గురించి నేను చాలా ఏళ్లు ఆలోచించాను. ఏమీ కాదని చెప్పి రేడియం పెట్టి పంపిస్తే, నిష్ఠలో ఉన్నప్పుడు, వారం రోజుల ఒంటిపూట మధ్యలో, ఆమె గుడ్డ మీద నెత్తురు చూసుకునేది. అప్పుడు వండినా ఆమెకు నరకమే, వండకపోయినా నరకమే. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్లనుంచి ఒక్క ఆడమనిషి కూడా నా మాట నమ్మి ఉండేది కాదు. సర్జను నేను చూసినవాళ్లలో అందరికంటే గొప్ప పనివాడు. కానీ మనిషి అంటే ఆపరేషను బల్ల మీద ఉన్నంత మేరే అనుకునేవారు. నిజం చెప్పినందుకు నేను బాధపడలేదు. అలాగని అందులో నాకు ఊరట కూడా దొరకలేదు.

నెత్తురు ఆగింది గదా

శ్రావణంలో టీకాల పని పెట్టుకుని ఆ ఊరు వెళ్లాను. నెత్తిన బోనం, దాని మీద దీపం, ముందు డప్పులు. లచ్చవ్వ అందరికంటే ముందు నడుస్తోంది, నిటారుగా. నన్ను చూసి కళ్లతోనే పలకరించింది. ఆమె అలా నడవడం చూస్తే పళ్లెంలోని కంతి సంగతి నాకే అబద్ధం అనిపించింది.

పండగైన మరునాడే వస్తానంది, రాలేదు. వానలకు వాగు పొంగింది. తర్వాత బతుకమ్మ. తర్వాత దీపావళి ప్రమిదల పని, కుమ్మరి ఇంట్లో ఏడాది మొత్తంలో చెయ్యి ఖాళీ లేని రోజులు. నేను కబురు పంపినప్పుడల్లా ఒకే జవాబు వచ్చేది. నెత్తురు ఆగింది గదా, ఇగ మందెందుకు అని. మన పనిలో అందరికంటే పెద్ద శత్రువు ఈ మాటే. వాళ్లకు జబ్బంటే నెత్తురు. నెత్తురు ఆగితే జబ్బు పోయినట్టు. మనకు నెత్తురు జబ్బు పంపిన కబురు మాత్రమే. కబురు ఆగిపోతే మనకు భయం పెరగాలి, వాళ్లకు ధైర్యం వస్తుంది. ఈ తేడాను నేను ఎన్ని విధాల చెప్పినా, ఒంట్లో బలం వచ్చి కుండలు మోస్తున్న మనిషికి అది ఎక్కలేదు.

జొన్న కోతలప్పుడు వచ్చింది. మళ్లీ నెత్తురు. వేలు పెట్టి చూస్తే కుట్టు వేసిన చోట లక్కముద్దలా గట్టిగా తగిలింది. పట్నం తీసుకెళ్లాను. ఈసారి రేడియం పెట్టించుకుంది, మూలగకుండా పడుకుంది. కొంత తగ్గింది, తర్వాత నడుములోకి పాకింది, కాళ్లు వాచాయి.

అప్పుడే పెట్టి ఉంటే బతికేదా అని సర్జనును అడిగాను. మొదట కోపంగానే చూశారు. తర్వాత చేతులు కడుక్కుంటూ, “తెలియదు. సరైన సమయానికి పెట్టినా తిరగబెట్టినవాళ్లు నాకు ఉన్నారు” అన్నారు. అంత పొగరు మనిషి తెలియదు అనేసరికి నాకు భయం వేసింది. ఆ రోజుల్లోనే మద్నూరు నుంచి ఒక మరాఠీ షావుకారు భార్యను తీసుకొచ్చారు. కంతి గోడలో సగం దాకా దిగింది, కణాలు చెడ్డవి. కోత అయ్యాక ఇంటివాళ్లు రేడియం వద్దని బండెక్కించుకు పోయారు. ఆమె గురించి నేను ఆశ వదులుకున్నాను. నేను పెన్షను పుచ్చుకున్న తర్వాత కూడా ఆమె బతికే ఉంది, మనవరాలి కానుపుకు దగ్గరుండి నా మీదే పెత్తనం చేసింది. అన్ని లక్షణాలూ మంచిగా ఉన్న లచ్చవ్వ పోయింది. ఎందుకో చెప్పగలిగితే ఈ వ్యాసం రాయాల్సిన అవసరం ఉండేది కాదు.

లచ్చవ్వ వచ్చే బోనాల దాకా ఉండలేదు. చివరిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు, సాయవ్వ అక్క కాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“ఊర్లె అడిగితే ఏం చెప్తవ్ బిడ్డా?” అంది లచ్చవ్వ.

“ఏం చెప్పాలె అవ్వా?”

“నేను వండిన బోనం శుద్ధమైందే. కాని సంచి తీసిండ్రంటే ఎందుకు తీసిండ్రంటరు. నెత్తురంటే ఎప్పటి సంది అంటరు. కడుపుల గడ్డ లేశిందని చెప్పు.”

అలాగే చెప్పాను. ఆమె పోయిన కొన్నాళ్లకు, మళ్లీ బోనాలు రాకముందే, ఆ ఊళ్లో పిల్లలకు తల్లి పోసింది. కొందరు పోయారు. కుమ్మరోళ్ల ఇంటి గురించి గుసగుసలు లేచాయని టీకాలవాళ్లు చెప్పారు. లచ్చవ్వ పట్నం వెళ్లి నెలంతా ఏం చేసింది, దవాఖానాకు అన్నిసార్లు ఎందుకు తిరిగింది అని. అవి పైకి తేలకముందే అణిగిపోయాయి.

సాయవ్వ

రెండో యుద్ధం రోజులకు నేను మళ్లీ కామారెడ్డికి వచ్చాను. ఒకరోజు, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు దిగి, కొంగు ముఖం మీదికి లాక్కుని ఒకామె వచ్చింది. గదిలోకి వచ్చి కొంగు తీసేదాకా గుర్తుపట్టలేదు. సాయవ్వ. మనిషి సగమైంది. ఆమె నోరు తెరవకముందే, గదిలోకి వచ్చిన వాసనతో నాకు విషయం తెలిసిపోయింది.

చూశాను. సంచి బిగుసుకుపోయి, ఎటూ కదలకుండా ఉంది. కోతకు లొంగే దశ దాటిపోయింది. ఒక కడుపున పుట్టిన ఆడవాళ్లలో ఈ జబ్బు ఒకరి తర్వాత ఒకరికి వచ్చే ఇళ్లు ఉంటాయని ఇప్పుడు పుస్తకాల్లో రాస్తున్నారు. అప్పుడు మాకు అంత తెలియదు. కానీ సాయవ్వ విషయంలో పుస్తకం అక్కర్లేదు. అక్కకు వచ్చింది ఏంటో, ఎలా మొదలైందో, ఎలా ముగిసిందో ఆమెకు నాకంటే దగ్గరగా తెలుసు.

“ఎప్పటి సంది సాయవ్వా?”

“పోయినేడు బోనాలకు ముంగటి సంది.”

“మొదటి బోనం ఇప్పుడు నువ్వే గదా వండేది?”

“పోయినేడు వండలే. కాలు బెణికిందని కట్టు కట్టుకుని పండుకున్న. ఈ యేడు గూడ గట్లనే చేసిన. కండ్లు కనవడని పెద్దమ్మ తడుముకుంట వండింది.”

నాకు కోపం వచ్చింది. చావుకు దగ్గరపడిన మనిషి మీద కోపం తెచ్చుకోవడం తప్పే, అయినా వచ్చింది.

“అక్కను చూసినవు గదా. మొదట్లనే రావాల్నని నీకు తెల్వదా?”

“నాకు గాకుంటే ఎవలకు తెల్సు డాక్టరమ్మా. నీ దవాఖాన్ల అడుగు వెడితే ఊరంత ఒక్కటే అంటది. అక్క గూడ గీ డాక్టరమ్మ కాడికే పోయింది. గీమె తోనే పట్నం పోయింది. పోయొచ్చి బోనం వండింది. నాకు నెత్తురని తెలిస్తే అక్కకు గూడ గదే అంటరు. తల్లి పోసి సచ్చిన పిల్లలు అక్క నెత్తి మీదికి వస్తరు. వండితే తల్లికి ద్రోహం. చెప్తే అక్కకు ద్రోహం. గందుకే ఊకున్న.”

ఎన్నో ఏళ్లు నేను ఈ తాలూకాల్లో తిరిగింది, ఆడవాళ్లు తొందరగా రావాలని. వచ్చినవాళ్లను దాచిపెట్టింది, వాళ్ల పరువు పోకూడదని. చివరికి నా గడపే, ఎవరి రహస్యమో బయటపెట్టే గడప అయింది. ఆ రోజు నుంచి, నా దగ్గరికి రాని ఆడవాళ్లు ఎందుకు రావడం లేదో నాకు తెలుసని అనుకోవడం మానేశాను. మీరు కంతి లోతు కొలవండి, కణాలు చూడండి, అవన్నీ చేయండి. దాంతోపాటు ఆ ఇంటి ముందు ఏ పండగ ఉంది, ఆ ఇంట్లో అంతకుముందు ఎవరు ఏ జబ్బుతో పోయారు, జనానికి ఏమని చెప్పారు అని కూడా అడగండి. అడిగాక ఏం చేయాలో మాత్రం నన్ను అడగకండి. నాకు తెలియదు.

నొప్పి తెలియకుండా మందు ఇస్తూ కొన్నాళ్లు దవాఖానాలోనే ఉంచాను. చలిజ్వరమని చెప్పి వచ్చానంది. చివరికి ఇంటికి పోతానంటే బండి కట్టించాను. బండిలో పడుకోబెడుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

“ఊర్లె అడిగితే ఏం చెప్తవ్?”

“కడుపుల గడ్డ అని చెప్త.”

తల అడ్డంగా ఊపింది.

“అక్కకు గదే చెప్పినవు గదా. ఇద్దరికి ఒక్కటే చెప్తే నమ్మరు. ఇంకోటి చెప్పు.”

కాలువలు వచ్చి దోమలు పెరిగాక ఆ ఊళ్లలో చలిజ్వరం లేని ఇల్లు లేదు. చలిజ్వరంతో పోయిందని చెప్పాను. అందరూ నమ్మారు.